మూడో రోజు కళ్ళు తిరిగాయి

సిగరెట్ మానేశాక తల తేలిపోతున్నట్టుంటే భయపడొద్దని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నిజమే. మూడో రోజు చెప్పుల కోసం వంగి లేవగానే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి, గోడ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కటి కాలిస్తే సర్దుకుంటుందేమో అనిపించింది. కాల్చలేదు. నికోటిన్ లోటు మొదటి 2, 3 రోజుల్లోనే బాగా బాధపెడుతుంది.

ఆ వ్యాసంలో రాయనిది కాఫీ సంగతి. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫీన్ త్వరగా అరిగిపోతుంది. మానేశాక అదే కాఫీ ఒంట్లో చాలాసేపు నిలిచి గుండెదడ, టెన్షన్ పెంచుతుంది. సగానికి తగ్గించాకే నాకు నిద్ర పట్టింది, రెండో వారానికి తల తిరగడమూ పోయింది. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా మాత్రం మానేసినందుకేలే అని ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.