ల్యూమెన్లు చూస్తే చాలదు
బల్బు కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు చూస్తే చాలని బల్బుల ఎంపికపై వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. వాట్లు కరెంటు ఖర్చునే చెబుతాయన్నది నిజమే. కానీ 'చాలు' అన్న మాటతో నేను ఏకీభవించను. ల్యూమెన్ అంటే దీపం నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుతురు. మనం పని చేసే చోట ఎంత పడుతోందో చెప్పేది లక్స్, అంటే చదరపు మీటరుకు ఒక ల్యూమెన్. అదే బల్బును రెట్టింపు ఎత్తులో పెడితే కింద పడే వెలుతురు దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. మా కోనసీమ పాత పెంకుటిళ్లలో కప్పు ఎత్తు, దూలాలు నల్లన, చుట్టూ కొబ్బరి చెట్ల నీడ. అలాంటి చోట పెట్టె మీది ల్యూమెన్లను మాత్రమే నమ్ముకుంటే కింద వెలుతురు చాలదు. ఇక రంగుల సంగతిని వ్యాసం అసలు ముట్టుకోలేదు. బండారులంకలో చీరల వ్యాపారంలో ఉన్నాను కనుక గట్టిగా చెబుతున్నాను: పెట్టె మీద సీఆర్ఐ (దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 80 అని ఉందని నిశ్చింతగా ఉండకండి. ఆ అంకె ఎనిమిది లేత రంగులకు వచ్చిన మార్కుల సగటు. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 అందులో కలవదు. అందుకే కొన్ని ఎల్ఈడీల కింద ఎర్రంచు ఇటుక రంగులో వెలవెలబోతుంది, చీరను వాకిట్లోకి తెస్తే అసలు రంగు బయటపడుతుంది. బట్టల దుకాణానికైనా, వంటింటికైనా సీఆర్ఐ 90 దాటినవే, అదీ ఆర్9 ఎంతో అడిగి తీసుకోండి.