ర్యాంపు దిగివచ్చింది పేరొక్కటే

పేరుమోసిన డిజైనరు ఒకరు చవక దుస్తుల దుకాణాలతో చేతులు కలిపిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: ఇన్నాళ్లూ సంపన్నుల సొత్తుగా ఉన్న ఫ్యాషన్ ఇక అందరిదీ అయిందని. 2004 నవంబరులో కార్ల్ లాగర్‌ఫెల్డ్ హెచ్ అండ్ ఎం అనే చవక దుస్తుల సంస్థ కోసం చేసిన కలెక్షన్ చూస్తుండగానే అమ్ముడుపోయిన నాటి నుంచి స్టెల్లా మెకార్ట్నీ, కామ్ దె గార్సాన్, వెర్సాచే, మార్జెలా, బాల్మాన్ ఒకరి వెంట ఒకరు అదే బాట పట్టారు. ఆ మాట కూడా వారి వెంటే నడిచింది. అది నిజం కాదని నా అభిప్రాయం. ర్యాంపు మీద నుంచి సామాన్యుల అల్మరాలోకి దిగివచ్చింది డిజైనరు పేరు మాత్రమే. ఆ పేరుకు విలువ తెచ్చిపెట్టిన కటింగ్ అక్కడే ఆగిపోయింది, అది దిగిరానవసరం లేని విధంగానే ఈ ఒప్పందాలన్నీ రూపొందాయి.

కటింగ్ అంటే ఏమిటో తెలియాలంటే 1920, 30 దశకాల్లో పారిస్‌లో మాడ్లీన్ వియోనే చేసిన పనిని దగ్గరగా చూడాలి. ఆమె గుడ్డను పడుగు (నిలువు) దారినో పేక (అడ్డం) దారినో కత్తిరించకుండా, రెండింటికీ మధ్యగా ఐమూలగా కత్తిరించి గౌన్లు తయారుచేశారు. అలా కత్తిరించిన గుడ్డకు సాగే గుణం వస్తుంది. లోపల కార్సెట్టు అనే నడుము పట్టీ బిగింపు లేకుండానే అది ఒంటి వంపుల వెంట జారుతుంది. ముందుగా ఒక చిన్న చెక్కబొమ్మకు గుడ్డ చుట్టి, పిన్నులు గుచ్చి, మడత ఎక్కడ పడాలో, కుట్టు ఎక్కడ రావాలో తేల్చుకున్నాకే ఆమె అసలు కొలతలకు వెళ్లేవారు. ఈ పద్ధతికి ఖర్చు ఎక్కువ. ఐమూల ముక్కలు తానులో పొందికగా అమరవు కాబట్టి గుడ్డ ఎక్కువ పడుతుంది, మూలలు వృథా పోతాయి. కుట్టిన వెంటనే కింది అంచు మడవడానికి వీలుండదు. గౌనును ఒక రోజైనా వేలాడదీస్తే అది తన బరువుకు తానే సాగుతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా సాగదు. ఆ తర్వాత నేల మట్టం నుంచి కొలత తీసుకుని, అంచును సమంగా కత్తిరించి, అప్పుడు మడవాలి. ఒక్కో కుట్టుకు ఇన్ని సెకన్లని లెక్కగట్టి ధర తేల్చే ఫ్యాక్టరీలో ఒక గౌను రోజంతా ఊరికే వేలాడటానికి చోటు దొరకదు. అందువల్ల ఇలాంటి గౌనుకు చవక రూపం ఇవ్వాల్సి వచ్చినప్పుడు మొదట పోయేది ఈ ఐమూల కటింగే. రంగూ ప్రింటూ మాత్రం మిగులుతాయి.

కోటు సంగతీ ఇంతే. మంచి కోటు ఛాతీ భాగంలో పై గుడ్డకూ అస్తరుకూ మధ్య క్యాన్వాస్ ఉంటుంది, దాన్ని చేతి కుట్లతో వదులుగా పట్టి ఉంచుతారు. తొడుక్కునే వ్యక్తి కదలికలను బట్టి అది నెమ్మదిగా ఒంటికి అలవాటు పడుతుంది. చవక కోటులో ఆ స్థానంలో జిగురు పూసిన పొరను వేడితో అతికిస్తారు. కొత్తగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా కనిపించదు. కొన్నాళ్లు పోయాక జిగురు విడిపోయి ఛాతీ మీద చిన్న చిన్న బుడగలు లేస్తే అప్పుడు తెలుస్తుంది. చారల గుడ్డతో కుట్టిన కోటయితే జేబు మీది చార వెనకనున్న చారతో కలిసిందా, భుజం కుట్టు దగ్గర రెండు వైపుల చారలూ ఒక్క గీతగా సాగాయా అన్నది చూస్తే చాలు, కుట్టిన చోట ఎంత గుడ్డను, ఎంత సమయాన్ని వెచ్చించారో చెప్పేయవచ్చు. దుకాణంలో కోటును తిరగేసి లోపలి కుట్లు చూసే అలవాటు కొనుగోలుదారులకు ఉండి ఉంటే ఈ కలెక్షన్లలో సగానికి సగం తొలి రోజు సాయంత్రానికల్లా హ్యాంగర్ల మీదే మిగిలిపోయేవని గట్టిగా నమ్ముతున్నాను.

పేరూ ప్రింటూ ఎందుకు ప్రయాణిస్తాయి, కటింగ్ ఎందుకు ప్రయాణించదు అన్న ప్రశ్నకు చట్టంలోనే సగం జవాబు ఉంది. అమెరికా కాపీరైటు చట్టం దుస్తులను ఉపయోగ వస్తువులుగా చూస్తుంది, వాటి కటింగ్‌కు రక్షణ ఇవ్వదు. గుడ్డ మీద వేసిన బొమ్మకు మాత్రం ఇస్తుంది. పేరుకు ట్రేడ్‌మార్కు ఎలాగూ ఉంటుంది. యూరప్‌లో నమోదు చేయని డిజైనుకు దొరికే రక్షణ మూడేళ్లే. ఒప్పంద పత్రంలో ఆస్తిగా రాసుకోగలిగింది ఏదో అదే చేతులు మారుతుంది, ఆస్తి కానిది ఎవరికీ పట్టదు.

మిగతా సగం జవాబు హాల్‌స్టన్ కథలో ఉంది. 1970లలో న్యూయార్క్‌ను ఏలిన ఈ డిజైనరు 1983లో జె.సి. పెన్నీ అనే మధ్యతరగతి దుకాణాల గొలుసుతో ఒప్పందం చేసుకున్నారు. అమెరికా అంతటా తన దుస్తులు కనిపించాలన్నది ఆయన కోరిక. వెంటనే బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ అనే ఖరీదైన దుకాణం ఆయన దుస్తులను తీసేసింది. కొద్ది కాలానికే తన పేరు మీద తానే డిజైన్ చేసే హక్కు కూడా ఆయన చేజారిపోయింది. ఈ పతనం నుంచి పరిశ్రమ నేర్చుకున్న పాఠం ఒకటే: చవకగానూ ఎప్పుడూ దొరికేలాగానూ ఉంచితే పేరు చచ్చిపోతుంది, చవకగా ఉంచినా కాసేపే దొరికేలా చేస్తే బతుకుతుంది. 2004 తర్వాతి కలెక్షన్లలో ఎక్కువ వాటికి మూలసూత్రం ఇదే. 2011 సెప్టెంబరులో మిస్సోనీ అనే ఫ్యాషన్ సంస్థ కలెక్షన్ వచ్చిన రోజు, దాన్ని అమ్మిన టార్గెట్ అనే చవక దుకాణాల సంస్థ వెబ్‌సైటు కుప్పకూలింది. 2015లో బాల్మాన్ కలెక్షన్ కోసం జనం రాత్రంతా వరుసల్లో నిలబడి, తలుపులు తెరవగానే తోసుకున్నారు, ఆ దుస్తులే గంటల్లో ఆన్‌లైన్‌లో కొన్ని రెట్ల ధరకు ప్రత్యక్షమయ్యాయి. ఈ కరువు ప్రమాదవశాత్తూ వచ్చింది కాదు, డిజైనరు పేరును కాపాడే గోడ అది. ఈ సంగతి లాగర్‌ఫెల్డ్‌కే మింగుడు పడలేదు. దుస్తులను మరీ తక్కువ సంఖ్యలో కుట్టించి ఎంతోమందిని నిరాశపరిచారని ఆయన ఆ తర్వాత బాహాటంగానే తప్పుపట్టారు. సన్నని వారి కోసం గీసిన దుస్తులను పెద్ద సైజుల్లో కుట్టారన్న ఆయన రెండో ఫిర్యాదును మాత్రం నేను అంగీకరించను. ఏ ఒంటికైనా నప్పేలా ప్యాటర్నును, అంటే గుడ్డ కత్తిరించడానికి వాడే అచ్చును, పెంచడం, తగ్గించడం కూడా కటింగ్ విద్యలో భాగమే, అది చేతకాని డిజైను అందరి కోసం అని చెప్పుకోకూడదు.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. మార్జెలా దుస్తులను గాజు తలుపుల వెనక తప్ప చూడని విద్యార్థి వాటిలో ఒకదాన్ని చేత్తో తాకగలిగాడని, తొడుక్కోగలిగాడని, అక్కడి నుంచే ఫ్యాషన్ మీద అతని ఆసక్తి మొదలైందని ఈ కలెక్షన్లను మెచ్చుకునేవారు అంటారు. ర్యాంపు ప్రదర్శనల ఖర్చు మోయలేని స్వతంత్ర డిజైనర్లకు ఈ ఒప్పందాల సొమ్ము ఊపిరి పోస్తుందన్న మాటలోనూ నిజముంది. అయితే ఆ విద్యార్థి చేతికి అందింది ఏమిటన్నదే నా ప్రశ్న. ఆసక్తి పుట్టించడానికి చేసిన ఒక నమూనాను ఫ్యాషన్ అందరిదీ అయినదానికి రుజువుగా చూపడం కుదరదు.

నిజంగా కటింగ్ దిగివచ్చిన సందర్భాలు ఉన్నాయి. 1942లో క్లేర్ మెకార్డెల్ అమెరికాలో పాపోవర్ అనే గౌను చేశారు. యుద్ధకాలంలో పనివాళ్లు ఫ్యాక్టరీలకు వెళ్లిపోవడంతో ఇంటిపని స్వయంగా చేసుకోవాల్సి వచ్చిన మహిళల కోసం తయారైన గౌను అది. చుట్టి కట్టుకునే తీరు, వదులైన చేతులు, పెద్ద జేబు, ధర 6.95 డాలర్లు. ఖరీదైన గౌను ఒకటి ముందు గీసి, దాన్ని నరుక్కుంటూ వచ్చి ఆ ధరకు దించలేదు. ఆ ధరలోనే, ఆ పనికే సరిపోయేలా మొదటి నుంచీ ఆలోచించారు. తేడా అంతా అక్కడే ఉంది.

మన కాలంలో ఇందుకు నాకు అందరికన్నా ముందు గుర్తొచ్చేది 2009లో యూనిక్లో అనే చవక దుస్తుల సంస్థ కోసం డిజైనరు జిల్ శాండర్ చేసిన కలెక్షన్. ఆమె పేరు మీద నడిచే సంస్థ అప్పటికి ఇతరుల చేతుల్లో ఉంది. కలెక్షన్‌కు పెట్టిన పేరు ప్లస్ జె, అంటే ఒక్క అక్షరం. పేరు అలా వెనక్కి తగ్గిన చోట బరువంతా కటింగ్ మీద పడింది. తెల్ల చొక్కాలు, నల్ల కోట్లు, అలంకారం లేని ప్యాంట్లు. కాలరు మెడ వెనక ఎంత ఎత్తులో నిలబడాలి, భుజం కుట్టు ఎక్కడ ఆగాలి, గుండీల వరుస కనిపించాలా దాగాలా అన్న నిర్ణయాలే ఆ దుస్తులకు సర్వస్వం. ఒక్క రోజు సంతలా ముగియకుండా అది 2011 దాకా సాగింది, 2020లో మళ్లీ వచ్చింది. 2016 నుంచి డిజైనరు క్రిస్టోఫ్ లెమేర్ పారిస్ నుంచి అదే సంస్థకు చేస్తున్న రోజువారీ దుస్తులు కూడా ఈ కోవలోవే. సీజను తర్వాత సీజను అవే రూపాలను కొద్దికొద్దిగా సరిదిద్దుకుంటూ పోయే ఓపిక ఉన్నచోట చవక ధర కటింగ్‌కు శత్రువు కానక్కర్లేదని ఇవి చూపించాయి.

అయితే నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించే ఉదాహరణ ఇంకా పాతది. 1949లో వోగ్ ప్యాటర్న్స్ సంస్థ పారిస్ డిజైనర్ల దుస్తుల కాగితపు ప్యాటర్నులను వారి అనుమతితో అమ్మడం మొదలుపెట్టింది. కుట్టుమిషను, నాలుగు మీటర్ల గుడ్డ ఉన్న ఎవరైనా పారిస్ అటెలియేలో (డిజైనరు కుట్టుపని శాలలో) పుట్టిన గౌనును తమ ఒంటి కొలతలకు తామే కుట్టుకోగలిగారు. టక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, చంక దగ్గర చేతిని కొద్దిగా ముడిచి ఎలా అమర్చాలో వేళ్లతో నేర్చుకున్నారు. అక్కడ కొన్నవారి చేతికి వచ్చింది విద్య. 2000ల తొలి ఏళ్లలో షోస్టూడియో అనే వెబ్ వేదిక డిజైనరు అలెగ్జాండర్ మెక్వీన్ కిమోనో జాకెట్ ప్యాటర్నును ఎవరైనా ఉచితంగా దించుకునేలా పెట్టింది. గాయకుడు హ్యారీ స్టైల్స్ వేసుకున్న రంగురంగుల ఊలు కార్డిగన్‌ను (ముందు గుండీలుండే స్వెటరును) చూసి 2020 వేసవిలో యువతీయువకులు టిక్‌టాక్‌లో తమంతట తాము అల్లడం మొదలుపెడితే, దాని డిజైనరు జె.డబ్ల్యూ. ఆండర్సన్ వారి మీద లాయర్లను పంపలేదు, అల్లిక వివరాలన్నీ అందరికీ ఇచ్చేశారు. దుకాణంలో వెయ్యి పౌండ్లు దాటిన ఆ కార్డిగన్‌ను ఇంట్లో కూర్చుని, తప్పు పడిన వరుసను విప్పి మళ్లీ అల్లుకుంటూ పూర్తిచేసిన వారికి ఊలు దుస్తుల గురించి తెలిసినంత, ఏ కలెక్షన్ వరుసలో తెల్లవార్లూ నిలబడినవారికీ తెలియదు.

ఇక్కడే అసలు విషయానికి రావాలి. కటింగ్ దిగిరాకపోవడానికి మరో కారణం, దాన్ని చేసేవారు మనకు కనిపించకపోవడం. ర్యాంపు ప్రదర్శన చివర డిజైనరు ఒక్కరే వచ్చి తల వంచి వెళతారు. గీసిన బొమ్మను గుడ్డలోకి మార్చిన ప్యాటర్న్ కట్టర్ ఎవరో, నమూనాను కుట్టి, విప్పి, మళ్లీ కుట్టినవారు ఎవరో ఎక్కడా రాయరు. సినిమాలో దీపం పట్టుకున్న మనిషి పేరు కూడా తెర మీద పడుతుంది, కోటు భుజాన్ని నిలబెట్టిన మనిషి పేరు కోటులో ఉండదు. 2016 జులైలో పారిస్ గ్రాండ్ పాలే అనే ప్రదర్శనశాలలో షనెల్ ఫ్యాషన్ సంస్థ కుట్టుపనివారినే వేదిక మీద కూర్చోబెట్టి, వారి చుట్టూ మోడళ్లను నడిపించి, చివర్లో అటెలియేల అధిపతులతో కలిసి అప్పటి షనెల్ డిజైనరు లాగర్‌ఫెల్డ్ నడిచి వచ్చినప్పుడు అది వార్త అయింది. ఉండవలసిన మనుషులు కనిపించడమే వార్త అయిందంటే మిగతా రోజుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ర్యాంపు వైపే ఇలా ఉంటే చవక వైపు పరిస్థితి ఇంకా దారుణం. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అక్కడ ఏ కంపెనీల బట్టలు కుడుతున్నారో తెలుసుకోవడానికి శిథిలాల్లో లేబుళ్లు ఏరుకోవలసి వచ్చింది. కంపెనీ పేరు గుడ్డ మీద భద్రంగా ఉంది. కుట్టిన మనుషుల పేర్లు ఏ గుడ్డ మీదా లేవు. ఆ తర్వాత ఫ్యాక్టరీల భద్రత కోసం కార్మిక సంఘాలకూ కంపెనీలకూ మధ్య ఒప్పందం కుదిరింది, అది అవసరమైన ముందడుగే. కానీ దుస్తులను ఒకే ఒక్క పేరుతో అమ్మే పద్ధతి చెక్కుచెదరలేదు, ఈ కలెక్షన్లు ఆ పద్ధతిని మరింత బలపరిచాయి. వియోనే నకళ్లను అడ్డుకోవడానికి తన లేబుళ్ల మీద తన బొటనవేలి ముద్ర వేసేవారు. ఆమే తన దగ్గర పనిచేసే మహిళలకు జీతంతో సెలవులు, ప్రసూతి సెలవు, వైద్యం ఏర్పాటుచేశారు. గుడ్డను చేతి పనిగా చూడగలిగిన మనిషికి ఆ చేతులు కూడా కనిపించాయి. ఈ రెండూ ఒకే చూపు నుంచి వచ్చాయన్నది నా నమ్మకం.

అందుకే డిజైనరుతో ఒప్పందం చేసుకునే దుకాణాలను అడగవలసింది ఇంకాస్త ఎక్కువ సరుకు గురించి కాదు. కలెక్షన్‌లోని రెండు మూడు దుస్తులనైనా ఏడాది పొడవునా అమ్మమని, లేబుల్ మీద డిజైనరు పక్కన ప్యాటర్న్ కట్టర్ పేరూ కుట్టిన ఫ్యాక్టరీ పేరూ వేయమని, దుస్తులతో పాటు వాటి ప్యాటర్నునూ కుట్టుకునే వారందరికీ ఇవ్వమని అడగాలి. మొదటి రెండింటికీ కొంత ఖర్చవుతుందని కంపెనీలు అనవచ్చు. మూడోదానికి ఆ సాకు కూడా లేదు. ఫ్యాక్టరీలు నేడు కాగితం మీద కాక కంప్యూటరులోనే ప్యాటర్ను గీసి, అన్ని సైజులకూ పెంచి, కత్తెర దాకా పంపుతున్నాయి. ఆ ఫైలు ఇప్పటికే సిద్ధంగా ఉంది.