గూబ గుయ్యిమనిపించే వెండి

గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయించుకోమంటారు మన పెద్దలు. ప్రాచీన ఏథెన్స్ వాళ్లు దాన్ని ఏకంగా వెండి నాణెం ఎక్కించారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు నాలుగు ద్రాక్మాల (ద్రాక్మా అంటే అప్పటి గ్రీకు డబ్బు) నాణెం, సుమారు 17 గ్రాములు. ఒకవైపు శిరస్త్రాణంతో ఎథీనా దేవి, రెండోవైపు ఆవిడగారి పక్షి. ఒళ్లు పక్కకి, మొహం మాత్రం మనవైపు, కళ్లు ఇంతింత. జ్ఞానానికి గుర్తట. అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి చూసే చూపూ అచ్చం ఇలాగే ఉంటుంది.

ఆ జ్ఞానాన్ని ఏథెన్స్ దగ్గరి లారియన్ వెండి గనుల్లో, ఇరుకు సొరంగాల్లో బానిసలు తవ్వి తీశారు. నాణెం మీద వాళ్ల బొమ్మ వేయకపోవడం న్యాయమే. పౌర గౌరవం పౌరులకు సంబంధించిన విషయం కదా!

మిగతా గ్రీకు ఊళ్లూ తక్కువ తినలేదు. అక్రగాస్ పీతని, ఎఫెసస్ తేనెటీగని పట్టుకున్నాయి. కోరింత్ రెక్కల గుర్రాన్ని ముద్రించింది (డబ్బుకి రెక్కలు విడిగా కావాలా?). దక్షిణ ఇటలీలోని సిబారిస్ నాణెం మీద ఎద్దు మెడ తిప్పి వెనక్కి చూస్తుంటుంది. క్రీ.పూ. 510లో పొరుగూరు క్రోటన్ వచ్చి సిబారిస్‌ని నేలమట్టం చేసింది. పాపం, ఎద్దు చూసిన వైపు నుంచి రాలేదు కాబోలు. ఈజినా దీవిది సముద్రపు తాబేలు. ఏథెన్స్ ఆ దీవిని లొంగదీసుకున్నాక, కొన్నాళ్లకి నాణెం మీదికి నేల తాబేలు వచ్చింది. పరిస్థితిని బట్టి నడుచుకోవడమంటే అది.

ఏథెన్స్ అక్కడితో ఆగలేదు. మిత్ర నగరాలన్నీ మా నాణేలు, మా తూకాలు, మా కొలతలే వాడాలని శాసనం చేసింది. స్నేహం ముదిరితే అంతే.

ఆ తర్వాత శత్రు నగరం స్పార్టా సేనలు క్రీ.పూ. 413లో ఏథెన్స్ దగ్గరి డెకెలియాలో తిష్ఠ వేశాయి. బానిసలు వేలల్లో పారిపోయారు, గనులు పడకేశాయి. 406 ప్రాంతంలో ఊరు రాగి మీద వెండి పూత పూసి నాణేలు వదిలింది. లోపల సరుకు మారినా గుడ్లగూబ ఠీవి ఇసుమంతైనా తగ్గలేదు. ఏథెన్స్ నాణేల మీద అనుమానం వచ్చిన వర్తకులు దేవత నెత్తిన, గూబ వీపున ఉలితో ఒక్కటేసి లోపల చూసుకునేవారు. ఆ గాట్లు మ్యూజియంలలో ఇప్పటికీ కనిపిస్తాయి.

చివరికి రాగి డబ్బుని రద్దు చేశారు. ఏథెన్స్ హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ నాటకంలో ఒకడు ద్రాక్షపళ్లు అమ్మి, వచ్చిన రాగి నాణేలు నోటినిండా కుక్కుకుని బార్లీ పిండి కొనడానికి సంతకెళ్తాడు. చిల్లర బుగ్గన దాచుకోవడం అక్కడి అలవాటు. సంచి తెరిచి పట్టుకున్నాడో లేదో దండోరా: ఇక రాగి చెల్లదు, వెండే! 2016లో మనకి కనీసం రాత్రి 8 గంటలకు, నోరు ఖాళీగా ఉండగా టీవీలో చెప్పారు.