ఈ ఇంటి యజమాని ఎవరండీ, స్లాష్ హోమ్ గారూ?

లైనక్స్ సర్వర్‌లో అందరి సొంత ఫోల్డర్లకూ ఇల్లయిన మహారాజశ్రీ స్లాష్ హోమ్ (/home) గారి సముఖమునకు,

తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబ్ సర్వర్‌ను కనిపెట్టుకొని ఉండేవాడు నమస్కరించి రాయునది. శనివారం మధ్యాహ్నానికల్లా అంతా కొత్త మెషీన్‌లోకి మారిపోతుందని, సోమవారం ప్రాక్టికల్స్‌కు ఢోకా లేదని దాన్ని అమ్మినవారు మా హెచ్‌ఓడీ గారికి మాట ఇచ్చారు. ఇప్పుడు ఆదివారం రాత్రి.

పాత మెషీన్‌లో ఎస్‌డీబీ1 అనే పేరుతో చలామణీ అయిన తమరి డిస్కు ఇక్కడ ఎస్‌డీసీ1గా అవతారం మార్చింది. డిస్కుల చిట్టా అయిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు పాత పేరే పట్టుకోవడంతో, సర్వర్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడింది. పేరుకు బదులు డిస్కు సొంత గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాసి లేపాం. ఆ పాపం తమరిది కాదు, వదిలేస్తున్నాను.

మౌంట్ అయ్యారు, అంటే సర్వర్‌కు తగులుకున్నారు. డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే నిండుగా కనిపించారు. విద్యార్థి లాగిన్ అయితే మాత్రం అనుమతి లేదని చెప్పి ఉత్త స్లాష్ (అన్ని ఫోల్డర్లకూ మొదలు) దగ్గర నిలబెట్టారు. ఎందుకయ్యా అంటే, తమరికి మనుషుల పేర్లు అక్కర్లేదు. ప్రతి ఫైలుకూ ఉండే వివరాల చీటీ ఐనోడ్‌లో రాసుకున్న యూజర్ అంకె ఒక్కటే యజమాని. పాత మెషీన్‌లోని సెంటాస్ 6 అనే లైనక్స్ ఆ అంకెలను 500 నుంచి పంచింది. సెంటాస్ 7 నుంచి ఆ వంశాచారం 1000కి మారింది. అమ్మినవారు పాత అంకెల జోలికి పోకుండా, పేర్ల జాబితా మాత్రం ఎక్కించి చేతులు దులుపుకున్నారు.

ఇంకేముంది, పాత అంకె కొత్త మనిషికి దక్కి, సెకండియర్ అబ్బాయి సి ప్రోగ్రాములన్నీ రాత్రికి రాత్రే ఒక ఫైనలియర్ అమ్మాయి ఆస్తి అయ్యాయి. పాత మెషీన్‌లో 998 అంకె ఉన్న అమ్మాయి రికార్డుకు యజమాని పోల్‌కిట్‌డి అనే డీమన్ (తెర వెనుక నడిచే ప్రోగ్రామ్) అట! రేపు వైవాకు ఆ డీమన్ వచ్చి కూర్చుంటుందా? మా ఊళ్లో విష్ణునివాసంలో సర్వదర్శనం టోకెన్‌కు కూడా ఆధార్ చూస్తారండీ. నీకు మాత్రం అంకె కలిస్తే చాలు, ఎవరి ఇంట్లోకి ఎవరినైనా పంపేస్తావు. డైరెక్టరీ పేరే ఆ పిల్ల రోల్ నంబరు కదా! అది చదవడానికి ఏం రోగం నీకు?

క్షమించాలి. ఎవరికి ఏ అంకో రాసి ఉన్న పాత పాస్‌వర్డ్ ఫైలు పాత డిస్కులో బతికి ఉండబట్టి సరిపోయింది. దాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్క ఇంటికీ యజమానిని మార్చే చౌన్ కమాండ్ కొట్టుకుంటూ వచ్చాను. అది తేలాక భద్రతా కాపలాదారు ఎస్‌ఈలైనక్స్ గారు ఫైళ్ల మీది లేబుళ్లు బాగాలేవని, లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులను తిప్పికొట్టారు. లేబుళ్లు సరిచేసే రిస్టోర్‌కాన్‌తో ఆయన శాంతించారు.

నిజం చెప్పాలంటే ఒక్క ఫైలూ పోలేదు. 2013 బ్యాచ్ వదిలిపోయిన ఏ.అవుట్‌లు (కంపైల్ అయిన ప్రోగ్రాములు) సైతం చెక్కుచెదరలేదు. చదువులు ముగించుకొని ఎక్కడెక్కడో స్థిరపడినవారి ఇళ్లను ఇంత భద్రంగా కాపాడారు. రేపు ఉదయం పరీక్ష ఉన్నవారి మీదనే ఎందుకండీ అంత అనుమానం?

ఇట్లు,
తమరి పద్దులో అంకె సున్నా,
రూట్ (సర్వర్ అడ్మిన్)