పళ్ళ సెట్టు (పై దవడ) – 1

మా పెదనాన్న పోయారు. పెళ్ళి చేసుకోలేదు, వీలునామా రాయలేదు. తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ళ చేతా పెట్టిస్తే చాలు, స్టాంపు పేపరు కూడా అక్కర్లేదని చెబితే, "రాద్దాంలేరా, ఇప్పుడే పోతానా ఏంటి" అనేవారు. తాతయ్యా నానమ్మా ఎప్పుడో పోయారు కాబట్టి, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయనకున్నదంతా బతికున్న తోబుట్టువులకి, అంటే నాన్నకీ ఇద్దరు అత్తయ్యలకీ, సమానంగా మూడు వాటాలు. బ్యాంకు లాకర్‌కి మాత్రం నామినీ నేను.

నామినీ అయినంత మాత్రాన సొమ్ము మనదైపోదు. నామినీ అంటే డబ్బు అందుకోవడానికి చూపించిన చెయ్యి మాత్రమేనని 1984లో సుప్రీంకోర్టు ఒక ఇన్సూరెన్సు కేసులో తేల్చేసింది. ఈ సంగతి మా పెద్దత్తయ్య నాకు రోజూ గుర్తుచేస్తూనే ఉంది.

బ్యాంకువాళ్ళు మొదట కోర్టుకెళ్ళి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. నామినీ ఉన్నప్పుడు అది అడగకూడదు, క్లెయిమ్ ఇచ్చిన 15 రోజుల్లోగా లాకర్ అప్పజెప్పాలి అని రిజర్వు బ్యాంకు 2021లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. ఆఫీసరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రూల్సు అంటున్నారుగా, అయితే అన్నీ పాటిద్దామండీ" అన్నారు. నేను గెలిచాననే అనుకున్నాను.

లాకర్లో ఉన్నవాటికి జాబితా రాయాలి, దానికి సంబంధం లేని ఇద్దరు సాక్షులుండాలి. పాస్‌బుక్ ప్రింటు కోసం వచ్చి, మెషిన్ పనిచెయ్యక కూర్చున్న ఒక పెద్దమనిషినీ, ఖాతా తెరవడానికొచ్చిన ఒక కాలేజీ కుర్రాణ్ణీ లోపలికి లాక్కొచ్చారు. ఇద్దరు మనుషులు పట్టే గదిలో ఏడుగురం.

మొదట నానమ్మ గాజులు బయటికొచ్చాయి. "పసుపు రంగు లోహపు గాజులు, రెండు" అని రాశారు ఆఫీసరు గారు.

"బంగారం అని రాయవేం నాయనా?" అంది చిన్నత్తయ్య.

"అది బంగారమో కాదో బ్యాంకుకి తెలీదండీ. కనిపించింది రాస్తాం, అంతే."

తర్వాత లక్క సీలు వేసిన ఒక కవరు. సీలున్నవి మేం విప్పక్కర్లేదు, ఇంటికెళ్ళి చూసుకోండన్నారు. ఆ వెనకాల మూత లేని స్టీలు డబ్బా, అందులో కట్టుడు పళ్ళు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆఫీసరు గారు పెన్ను ఎత్తి, "పళ్ళ సెట్టు, పై దవడ, ఒకటి" అని రాసి ఆగారు. "పళ్ళెన్ని?"

ఎన్నైతే ఏంటి సార్ అన్నాను. అన్నీ పాటిద్దాం అనుకున్నాంగా అన్నారు. నా సెల్‌ఫోన్ టార్చి నేనే పట్టుకున్నాను. పాస్‌బుక్ పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, చూపుడు వేలు తగలకుండా గాల్లోనే లెక్కపెట్టి పదమూడన్నాడు. కుర్రాడు పద్నాలుగన్నాడు. మళ్ళీ లెక్కపెట్టారు. కుర్రాడు పదమూడన్నాడు, పెద్దమనిషి పద్నాలుగన్నాడు. ఇద్దరి లెక్కా కలిస్తేగానీ సంతకాలు కుదరవన్నారు ఆఫీసరు గారు. వెనకాల ఒకటి విరిగిందనీ, విరిగినదాన్ని పన్ను కింద జమకట్టాలా వద్దా అనీ చర్చ మొదలైంది. పెద్దమనిషికి పాస్‌బుక్ సంగతే గుర్తులేదు. ముందున్న ఒక పన్ను మెరుస్తోంది. "పసుపు రంగు లోహపు పన్ను ఒకటితో సహా" అని బ్రాకెట్లో చేర్చారు.

ఇంతలో పెద్దత్తయ్య నోరు విప్పింది. "ఇవి మా అన్నయ్యవి కావు. ఆయన పోయేనాటికి ఒక్క పన్ను కదల్లేదు. సీసా మూత పళ్ళతోనే తీసేవాడు."

మరి ఎవరివి? అందరూ నావైపు తిరిగారు. నామినీని కదా, నాకు తెలిసుండాలి. నాన్న మాత్రం ఎవరివైపూ చూడలేదు, డబ్బాలోకే తదేకంగా చూస్తున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే ఏడాదిగా వాయిదాలేసే మనిషి ఆ సెట్టుని అంత శ్రద్ధగా ఎందుకు చూస్తున్నాడో నాకప్పుడు అర్థం కాలేదు.

చివరికి పద్నాలుగుకి ఖాయం చేశారు. "పై వస్తువులన్నీ నాకు ముట్టినవి" అని రాసున్నచోట సంతకం పెట్టి, డబ్బా వంపితే, సుప్రీంకోర్టు చెప్పిన ఆ చేతిలోకి సెట్టు వచ్చి పడింది. ముగ్గురు వారసుల ఉమ్మడి ఆస్తిని జేబు రుమాల్లో చుట్టుకుని, ఆటోలో మధ్యన కూర్చుని, ఇద్దరత్తయ్యల కాపలాలో ఇంటికి చేరాను.

కవర్లో పాత కరెంటు బిల్లులున్నాయి.

ఇందాకే బ్యాంకు నుంచి ఫోను. కార్బన్ కాపీలో పదమూడనీ, అసల్లో పద్నాలుగనీ పడిందట. పై ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరట, వస్తువు పట్టుకుని రేపు ఒకసారి రావాలట. మీ మెషిన్ పనిచెయ్యదు, మీ లెక్క కుదరదు, మధ్యలో నా సెలవులేనా మీకు దొరికింది అని గట్టిగానే అడిగేసి, సరే తెస్తానన్నాను.

తేవడానికి సెట్టు నాన్న నోట్లో ఉంది. సరిగ్గా సరిపోయిందట, తియ్యనంటున్నాడు. ఉమ్మడి ఆస్తిని ఒక్కడే అనుభవిస్తున్నాడని అత్తయ్యలిద్దరూ హాల్లో కూర్చున్నారు.