లేబుల్ ఒక్కటీ చూసి సూటు కొనకండి
ఒకరు వాడిన బ్రాండెడ్ సూట్లు కొనడం గురించిన ఒక వ్యాసంలో, లోపల లేబుల్ అసలుదైతే సూటూ అసలుదే అని రాశారు, అది నేను ఒప్పుకోను. లేబుల్ ఊడదీసి ఇంకో కోటుకు కుట్టడానికి ఎంతసేపు పడుతుంది? మూడేళ్ల కిందట తమ్ముడి పెళ్లికని ఒకరు వాడిన బ్రియోని సూటు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. 1945లో రోమ్‌లో మొదలైన కంపెనీ, చేతిపనికి పేరు. లేబుల్ చూసి మురిసిపోయాను. నడుము బిగించడానికి కడపలో మా టైలర్ భాయ్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కింది గుండీ దగ్గర గుడ్డను రెండు వేళ్లతో పట్టి పై పొర, లోపలి పొర విడదీసి చూశాడు. "మధ్యలో కాన్వాస్ విడిగా జారాల అన్నా, ఇది జిగురుతో అతికించినారు" అన్నాడు. కాన్వాస్ అంటే కోటు ఆకారం నిలవడానికి రెండు పొరల మధ్య పెట్టే గుడ్డ; మంచి చేతిపని సూట్లలో దాన్ని అతికించరు, కుడతారు. కాజాలు తిప్పి చూపించాడు: అన్నీ మిషన్‌వే, చేత్తో కుట్టినది ఒక్కటీ లేదు. రెండుసార్లు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేసరికి కాలర్ మడత మీద బుడగలు లేచాయి. అమ్మినవాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు. అందుకే కొనేముందు కాజాల వెనకవైపు, కాలర్ అడుగుభాగం ఫొటోలు అడగండి. లండన్‌లో పేరున్న టైలర్ల వీధి సావిల్ రోలో కుట్టిన సూటు అంటే లోపలి జేబులో కుట్టించుకున్నవారి పేరు, కుట్టిన తేదీ ఉన్న చీటీ సాధారణంగా ఉంటుంది, అదీ అడగండి. భుజాల కొలత మాత్రం ముందే సరిచూసుకోండి. నడుము, చేతులు మన ఊళ్లో సరిచేస్తారు గానీ, భుజం విప్పడానికి మా భాయ్ కూడా ఒప్పుకోడు.