"అక్కా, అక్కడ డెమోగ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి?"

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. టెక్సస్ నుంచి ఇటు ఉద్యోగం మారుతున్నాడు, కాలిఫోర్నియాలో మా ఊరు ఫ్రీమాంట్‌లో ఇల్లు చూస్తున్నాడు. స్కూళ్ళ రేటింగులు, ప్రాపర్టీ టాక్స్, బార్ట్ రైలు స్టేషన్ ఎంత దూరం, అన్నీ అడిగాడు. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి "అక్కా, అక్కడ డెమోగ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి?" అన్నాడు. నేను ఏమీ అనలేదు. "అదే, మన వాళ్ళు ఎంతమంది ఉంటారు... నల్లవాళ్ళు ఎక్కువ లేరు కదా?" అన్నాడు. ఇళ్ళు చూపించే ఏజెంటు, రియల్టర్‌ని అడిగితే ఆవిడ ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పకూడదు అందట, అందుకని నన్ను అడుగుతున్నాడు.

ఆ సమయానికి నేను వంటింట్లో నిమ్మకాయలు కోస్తున్నాను. మా వీధి చివరి ఇంట్లో ఉండే పెద్దాయన వాళ్ళ చెట్టువి, సంచి నిండా తెచ్చి ఇచ్చాడు. ఆయన నల్లవాడు. కత్తి పక్కన పెట్టి, తర్వాత మాట్లాడతాను రా అని ఫోన్ పెట్టేశాను. వాడికి చెప్పాల్సింది ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. పన్నెండేళ్ళుగా వాట్సాప్ గ్రూపుల్లో, పిల్లల పుట్టినరోజు పార్టీల్లో, గుడి పార్కింగ్‌లో వింటూనే ఉన్నాను. వచ్చిన కొత్తలో నేనూ అడిగాను. అడిగినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ముందు లెక్కలే చూద్దాం, అందరికీ కావాల్సింది అవే కాబట్టి. ఫ్రీమాంట్ ఒక ఊరిగా పుట్టిందే 1956లో. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు చిన్న ఊళ్ళు కలిస్తే ఫ్రీమాంట్ అయింది. 1960లో జనాభా 43,790, 1970కి లక్ష దాటింది. అప్పుడు దాదాపు అంతా తెల్లవాళ్ళే. 2000లో నూటికి 37 మంది ఆసియన్లు, 2010కి సగం దాటారు, 2020కి 2,30,504 మందిలో అరవై శాతం పైన. నల్లవాళ్ళు? 2000లోనూ 2010లోనూ నూటికి ముగ్గురు. అంటే మా తమ్ముడు భయపడాల్సిన పనే లేదన్నమాట. ఈ మాట రాస్తుంటేనే నాకు కడుపులో తిప్పుతోంది, ఎందుకంటే ఆ ముగ్గురే ఎందుకు అయ్యారు, ముప్పై మంది ఎందుకు కాలేదు అనేది ఎవరూ అడగరు.

ఆ పెద్దాయన చెబితే నాకు తెలిసింది. 1955లో ఫోర్డ్ కంపెనీ తన కార్ల ఫ్యాక్టరీని రిచ్‌మండ్ నుంచి మన పక్కనున్న మిల్‌పిటాస్‌కి మార్చింది. కార్మికుల్లో నల్లవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళలో ఆయన తండ్రి ఒకడు. ఉద్యోగం ఇక్కడికి వచ్చింది కానీ ఇల్లు రాలేదు. ఈ చుట్టుపక్కల కొత్తగా కట్టిన కాలనీల్లో వాళ్ళకి ఎవరూ ఇల్లు అమ్మలేదు. జేబులో డబ్బు ఉంది, నెలనెలా జీతం ఉంది, యూనియన్ ఉంది, అయినా రోజూ రిచ్‌మండ్ నుంచి రాకపోకలే. చివరికి ఆటో కార్మికుల యూనియనే పూనుకుని మిల్‌పిటాస్‌లో సన్నీహిల్స్ అని ఒక కాలనీ వచ్చేలా చేసింది, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పక్కపక్కన ఉండేలా. ఆ ఫ్యాక్టరీలో పనిచేసి, సన్నీహిల్స్‌లో ఇల్లు కొనుక్కున్న బెన్ గ్రాస్ అనే నల్లజాతి ఆయన 1966లో ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. కానీ అది ఒక్క కాలనీ. చుట్టూ ఉన్న మిగతా ఊళ్ళన్నీ తలుపులు వేసుకునే ఉన్నాయి. 1963లో ఇళ్ళ అమ్మకాల్లో జాతి వివక్ష కూడదని కాలిఫోర్నియా చట్టం చేస్తే, మరుసటి ఏడాదే ఓటర్లలో ఇంచుమించు మూడింట రెండొంతుల మంది దాన్ని కొట్టేయాలని ఓటేశారు. అమెరికా దక్షిణాదిలో కాదు, ఇక్కడే, మనం చాలా ముందుకెళ్ళిన చోటని చెప్పుకునే ఈ కాలిఫోర్నియాలో. కోర్టులు ఆ ఓటు చెల్లదన్నాక, 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి ఇళ్ళ అమ్మకాల్లో వివక్ష కూడదని దేశమంతటికీ ఫెడరల్ చట్టం వచ్చింది. మా తమ్ముడి రియల్టర్ నోరు విప్పకపోవడానికి కారణం ఆ చట్టమే. ఎవరెవరు ఉన్నారో చూపించి కొనేవాళ్ళని ఒక వీధి వైపు నడపడం, ఇంకో వీధి నుంచి తప్పించడం చట్టవిరుద్ధం. ఆవిడకి పొగరు అనుకున్నాడు వాడు.

తమ్ముడూ, ఆ చట్టం నిన్నూ కాపాడింది. మన సంగతే చూడు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, తన పౌరసత్వం కేసులో సుప్రీం కోర్టు దాకా వెళ్తే, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి నీకు రాదు అన్నారు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో అప్పటికే చట్టం ఉంది. అంటే ఈ నేల మీద పొలం దున్నిన పంజాబీ రైతు ఆ పొలాన్ని తన పేరున రాయించుకోలేడు. 1920 నుంచి 1940 దాకా జనాభా లెక్కల కాగితంలో మనకి పెట్టిన జాతి పేరు 'హిందూ', సిక్కులకి కూడా అదే. 1970లో మనల్ని తెల్లవాళ్ళలో కలిపేశారు. 1980లో 'ఏషియన్ ఇండియన్' అని కొత్త గడి పెట్టారు. మనిషి మారలేదు, చర్మం రంగు మారలేదు, గడి మాత్రం మారుతూ వచ్చింది. ఇప్పుడు ఆ గడిలో మన అంకె పెద్దదయిందని మనం ఇంకో గడిలోవాళ్ళు ఎంతమంది అని వాకబు చేస్తున్నాం.

అసలు 'ఆసియన్ అరవై శాతం' అనే మాటలో ఎంత ఉందో కూడా మనం చూడం. 2010 లెక్కల్లో ఫ్రీమాంట్‌లో భారతీయులు 18 శాతం, చైనా వాళ్ళు కూడా ఇంచుమించు అంతే, ఫిలిపినోలు ఆరేడు శాతం, ఇంకా వియత్నాం, కొరియా, పాకిస్తాన్, బర్మా. వీళ్ళలో కారు ఫ్యాక్టరీ లైన్ మీద నిలబడేవాళ్ళున్నారు, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సులున్నారు, స్టాక్ ఆప్షన్లతో కొండ మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళున్నారు. ఒక్క అంకె కింద వీళ్ళందరినీ పెట్టి "ఇది మన ఏరియా" అంటాం. ఎవరి ఏరియా? పదేళ్ళు పక్కింట్లో ఉన్న చైనా ఆవిడ పేరు సరిగ్గా పలకడం రాని తెలుగువాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఆవిడకీ మన పేర్లు రావు. కలిసి ఉండటం వేరు, లెక్కల కాగితం మీద ఒకే గడిలో ఉండటం వేరు.

సెంటర్‌విల్‌లో ఫ్రీమాంట్ బూలవార్డ్ మీద ఒక ముక్కకి లిటిల్ కాబూల్ అని పేరు. 1979లో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి వెళ్ళాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడ కొట్లు పెట్టారు. 2021లో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకున్నాక మళ్ళీ ఇంకొందరు వచ్చారు. నేను నెలకోసారి అక్కడ నాన్ తెచ్చుకుంటాను, మూరెడు పొడుగు ఉంటుంది, కారులో ఇంటికొచ్చేలోపు పిల్లలు సగం తినేస్తారు. జనాభా లెక్కల కాగితంలో అఫ్గాన్ అనే గడే లేదు. అంకెలు చూసి ఇల్లు కొనేవాడికి వీళ్ళు కనపడరు. ఇదే సెంటర్‌విల్‌లో 1942 మే నెలలో, జపాన్‌తో యుద్ధం వచ్చిందని ప్రభుత్వం ఇళ్ళు ఖాళీ చేయిస్తే, జపనీస్ రైతు కుటుంబాలు పెట్టేబేడా సర్దుకుని, పిల్లల కోట్లకి నంబర్ల చీటీలు కట్టుకుని బస్సు కోసం నిలబడ్డారు. డొరొతియా లాంజ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. పండించిన పంట పొలంలోనే వదిలి నిర్బంధ క్యాంపులకి వెళ్ళారు. ఆ రోజు కూడా ఎవరో ఒకరు ఈ ఊళ్ళో వాళ్ళు ఎంతమంది అని లెక్క పెట్టే ఉంటారు.

ఇంకో మాట, ఇది మనవాళ్ళకి నచ్చదు, అయినా అంటాను. బయటివాళ్ళని లెక్కపెట్టడంతో మనం ఆగం. పార్టీలో కొత్తగా ఎవరైనా తెలుగువాళ్ళు కనపడితే ఏ ఊరు, ఇంటిపేరు ఏంటి, ఫలానావాళ్ళు మీకేమవుతారు, ఈ మూడు ప్రశ్నల్లో కులం తేలిపోవాలి. 2023లో కులవివక్షని నిషేధించాలని కాలిఫోర్నియా సెనేట్‌లో బిల్లు పెట్టింది అయిషా వహాబ్ అనే సెనేటర్. అప్పట్లో ఈ ఫ్రీమాంట్ ఆమె నియోజకవర్గంలోనే ఉండేది, ఆమెది అఫ్గాన్ కుటుంబం. ఆ బిల్లు రెండు సభల్లో గెలిచింది, గవర్నర్ వీటో చేశాడు. ఆ బిల్లులో లోపాలున్నాయని వాదించేవాళ్ళతో నాకు గొడవ లేదు, అది చర్చించాల్సిందే. కానీ "అమెరికాలో కులం ఎక్కడుంది" అని నాతో అన్నవాళ్ళే అదే నెలలో సంబంధాల గ్రూపులో కులం రాసి బయోడేటాలు పంపారు. నేను చూశాను.

మంచి స్కూలు కావాలనుకోవడం తప్పు కాదు. పండక్కి నాలుగు తెలుగు ఇళ్ళు దగ్గర్లో ఉండాలనుకోవడమూ తప్పు కాదు, పరాయి దేశంలో ఒంట్లో బాగోలేనప్పుడు చారు పంపేవాళ్ళు ఎంత అవసరమో నాకు బాగా తెలుసు. మా చిన్నవాడు పుట్టినప్పుడు పది రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు, మూడు ఇళ్ళ నుంచి క్యారియర్లు వచ్చాయి. మన వాళ్ళు ఉన్నారా అని అడుగు, వంద సార్లు అడుగు. వాళ్ళు లేరు కదా అని అడగొద్దు. ఆ రెండో ప్రశ్నని మంచి ఇంగ్లీషు మాటలో చుట్టి, రియల్టర్ని, నన్ను, మీ ఆఫీసులో వాళ్ళని అడగొద్దు.

నిన్న రాత్రి వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు. కాసేపు మాట్లాడలేదు. "నేను అంత దూరం ఆలోచించలేదక్కా, అందరూ అడుగుతారు కదా అని అడిగాను" అన్నాడు. నిజమే, అందరూ అడుగుతారు.

వచ్చే శనివారం ఇళ్ళు చూడటానికి వస్తున్నాడు. నిమ్మకాయ పచ్చడి ఊరింది, ఒక సీసా వీధి చివరి ఇంటికి ఇవ్వాలి. వాడి చేతే పట్టించుకుని వెళ్తాను.